పొడిలో పచ్చి వేపాకు

సభకు వచ్చిన పెద్దలకు, ఫ్యాక్టరీలో మాతో పనిచేసిన మిత్రులకు, అశోక్‌నగర్ నుంచి నడిచొచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న విఠల్ ఇల్లాలు సులోచన గారికి, అమ్మాయి మాధురికి ఏం చెప్పాలో నాకు తెలియదు. మన విఠల్ వెళ్ళిపోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. అరవై మూడేళ్ళ మనిషి, పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టి, గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

నా పేరు జోగారావు. చిక్కడపల్లిలో ఉంటాను. విఠల్ వెల్డింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్న కంపెనీలోనే నేను డాక్యుమెంట్ సెక్షన్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. నేను ఎక్కువే తీసుకుంటాను. అభ్యంతరం ఉన్నవాళ్ళు చేతులెత్తవచ్చు, నేను చూడను.

నాకంటే ముందు మన జనరల్ మేనేజర్ ఫణికిరణ్ గారు మాట్లాడారు. విన్నారు కదా? 'విఠల్ మా కుటుంబ సభ్యుడు' అన్నారు. నా వెనకాల ఈ ఫ్లెక్సీ చూడండి. 'నాణ్యతకు నిలువెత్తు నిదర్శనం' అని రాయించారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నారు పెద్దలు. బతికుండగా ఆ కళ్ళు ఎంత ఉండేవి ఫణికిరణ్ గారూ? ఆరేళ్ళ క్రితం ఈ కుటుంబ సభ్యుడి చేతికి మీరొక కాగితం ఇచ్చారు. 'పర్యవేక్షణలో నిర్లక్ష్యం' అని రాసి ఉంది అందులో. వెల్డింగ్ మీద కొట్టే ఆయన నంబరు ముద్రను లాక్కున్నారు. గేటు బయట నిలబెట్టారు. ఇంటి మనిషిని గేటు బయట నిలబెట్టే కుటుంబాన్ని నేనింకెక్కడా చూడలేదు.

ఆ కాగితం ఇంకా ఫైల్లో ఉంది. ఆ మాట ఇంకా ఆయన పేరు పక్కన ఉంది. ఇవాళ నేను పూలు వెయ్యడానికి రాలేదు. ఆ మాట తీయించడానికి వచ్చాను.

మా పని తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మందపాటి ఇనుప ప్లేట్లను అతికేటప్పుడు తీగ కరిగి మధ్యలో నిండుతుంది. ఆ మంట మీకు కనపడదు. దాని మీద ఇసుకలాంటి పొడి కుప్పగా పోసి ఉంటుంది. ఆ పొడిని ఫ్లక్స్ అంటారు. మంట మొత్తం ఆ పొడి కిందనే. అందుకే దాన్ని సబ్‌మెర్జ్‌డ్ ఆర్క్ వెల్డింగ్ అంటారు. ఏ తీగకు ఏ పొడి అన్నది తెలిసి ఎంచుకోవాలి. తీగ బాగుందని తీగను, పొడి బాగుందని పొడిని విడివిడిగా కొనే వ్యవహారం కాదు. రెండూ జోడీగా కుదరాలి. ఆ జోడీ కుదర్చడంలో విఠల్‌ను మించినవాణ్ణి నేను చూడలేదు. చదివింది ఐటీఐ. చూపు మాత్రం ఇనుము లోపలికి పోయేది.

ఎనిమిదేళ్ళ క్రితం హిమాయత్‌నగర్ ఆఫీసులో ఒక మీటింగ్ జరిగింది. ఎనభై మిల్లీమీటర్ల మందం ప్లేటుతో పెద్ద ట్యాంకులు చేసే ఆర్డరు వచ్చింది. విఠల్ మెటల్ కోర్డ్ తీగ కావాలని కాగితం మీద రాసి ఇచ్చాడు. అంటే సన్నటి గొట్టంలాంటి తీగ, లోపల లోహపు పొడి కూరి ఉంటుంది. అదే కరెంటుకు ఎక్కువ లోహం కరిగిస్తుంది, పని తొందరగా అవుతుంది. అప్పట్లో కొనుగోళ్ళు చూసేది ఫణికిరణ్ గారే. ఆయన ఆ కాగితం చదివి, పెన్ను తీసి, ఎర్ర సిరాతో ఒక ప్రశ్న రాశారు. 'తీగ లోపల పొడి ఉండగా పైన మళ్ళీ పొడి ఎందుకు? రెండిట్లో ఒకటి తగ్గించగలరు.'

నవ్వకండి. ఆ కాగితం దాచింది నేనే, నాకు తెలుసు. లోపలున్నది లోహం, పైన పోసేది ఫ్లక్స్. ఉప్పూ కర్పూరం తేడా తెలియని మనిషి చేతిలో ఎర్ర పెన్ను ఉంది. విఠల్ కోప్పడలేదు. చాలా మర్యాదగా అన్నాడు. 'సార్, బూరెల పూర్ణం ఉంటదని మూకుట్ల నూనె పొయ్యకుంట గోలిస్తమా?' గదిలో అందరూ నవ్వారు. ఫణికిరణ్ గారు నవ్వలేదు. ఆ బూరె ఆయనకు ఇప్పటికీ అరగలేదని నా అనుమానం.

తర్వాత పొడి ఎంచే రోజు వచ్చింది. మూడు రకాల నమూనాలు. ఒక పొడితో వేసిన అతుకు అద్దంలా మెరిసింది. పైన పెచ్చు దానంతటదే ఊడి పడింది. పెద్దలందరూ దాని చుట్టూ మూగారు, ఫోన్లు తీసి ఫొటోలు కొట్టారు. విఠల్ మూలనున్న మొరటు నమూనా దగ్గర నిలబడ్డాడు. దాని పెచ్చు సుత్తితో కొడితే గానీ రాదు. చూపుకు కూడా ఆనదు. 'గా మెరిసేదాంతోని ఒక్క వరుస కాదు సార్, పన్నెండు వరుసలు పోసి కోసి చూడుర్రి' అన్నాడు. ఆ మెరిసే పొడి ప్రతి వరుసకూ కాస్త మాంగనీసు, కాస్త సిలికాన్ అతుకులోకి దించుతుందట. ఒక వరుసకు ఫరవాలేదు. మందపాటి ప్లేటులో వరుస మీద వరుస పడేకొద్దీ అతుకు పెళుసెక్కుతుంది. కోశారు. లాబ్‌లో సుత్తి దెబ్బకు ఆ అందగత్తె బిస్కెట్టులా విరిగింది. మొరటుది వంగింది గానీ విరగలేదు. పైన పటారం, లోన లొటారం. నేను పొడి గురించే చెబుతున్నాను. ముందు వరుసలో ఎవరైనా భుజాలు తడుముకుంటే నా పూచీ లేదు.

ఇవాళ కంపెనీ గోడ మీద నాణ్యతకిచ్చిన షీల్డు వేలాడుతోంది కదా, అది విఠల్ కుదిర్చిన ఆ తీగకూ ఆ మొరటు పొడికీ వచ్చిన షీల్డు. అందుకున్న ఫొటోలో ఎవరున్నారో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇక్కడిదాకా నాకు సులువుగానే ఉంది.

ఆ పొడికి ఒక గుణం ఉంది. గాలిలో తేమ పీల్చుకుంటుంది. తేమ ఉన్న పొడితో వెల్డింగ్ చేస్తే హైడ్రోజన్ అతుకులోకి దూరి, లోపల్నుంచి పగులుస్తుంది. అందుకే వాడేముందు ఓవెన్‌లో మూడువందల యాభై డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చాలి. కంపెనీ పుస్తకంలో ఇంగ్లీషులో 'రీ-డ్రై' అని ఉంటుంది. ఆరేళ్ళ క్రితం మే నెలలో ఆడిటర్లు వస్తున్నారని, సూచనలన్నీ తెలుగులో రాసి బోర్డుకు అంటించమన్నారు. కంపెనీలో ఒకాయన ఉన్నాడు. తన తెలుగు మీద తనకు మహా గర్వం. ఆయన ఆ 'రీ-డ్రై' అనే మాటను పట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాడు. చివరికి ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. 'వాడుటకు ముందు పొడిని పొడిగా ఎండబెట్టవలెను.' పొడిని పొడిగా! ఎంత ముచ్చటపడ్డాడో! డిగ్రీలు, గంటలు పెడితే వాక్యం నడక చెడుతుందని అవి తీసేశాడు.

విఠల్ అప్పుడు సెలవులో ఉన్నాడు. సులోచన గారికి ఆపరేషన్ జరిగింది, వారం రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాడు. షాపులో, అంటే మా వెల్డింగ్ షెడ్డులో, కొత్త షిఫ్టు వాళ్ళు దిగారు. బోర్డు చదివారు. ఎండబెట్టమన్నారు కదా? బస్తాలు డాబా మీదికి మోశారు. టార్పాలిన్ పరిచి, ఆ పొడిని వడియాలు పెట్టినట్టు ఎండలో పరిచారు. సాయంత్రం ఎత్తి తెచ్చి మెషీన్‌లో పోశారు. వాళ్ళదేం తప్పు? తెలుగు వచ్చినవాళ్ళు. చదివింది చదివినట్టు చేశారు.

విఠల్ తిరిగొచ్చిన రోజున మెషీన్ మీది గిన్నెలో చెయ్యి పెట్టాడు. వేళ్ళ మధ్య ఒక వేపాకు వచ్చింది. ఆకుపచ్చగా ఉంది. దాన్ని పట్టుకుని షాపు మధ్యలో నిలబడి అడిగాడు. 'ఓవెన్ల కాలిన పొడిల పచ్చి యాపాకు ఎట్లొచ్చింది?' ఎవరూ మాట్లాడలేదు. డాబా ఎక్కాడు. పక్కనున్న వేపచెట్టును చూశాడు, టార్పాలిన్‌ను చూశాడు. కిందికి దిగి బోర్డు చదివాడు. తర్వాత నేరుగా, అప్పటికి జనరల్ మేనేజరైన ఫణికిరణ్ గారి గదికి వెళ్ళాడు. అప్పటికే ఆ పొడితో ఒక ట్యాంకు నిలువు అతుకు మొత్తం అయిపోయింది. దాన్ని పంపొద్దన్నాడు. రెండు రోజులు ఆగి అప్పుడు పరీక్ష చెయ్యమన్నాడు. 'ఇనుము గప్పటికప్పుడు పలగదు సార్. రెండొద్దులు ఆలోచించుకొని పలుగుతది. జర ఆగుర్రి.'

ఆగారా? ట్రెయిలర్ వచ్చి ఉంది. పంపాల్సిన తేదీ దాటుతోంది. ఫణికిరణ్ గారు ఆ మధ్యాహ్నమే పరీక్ష చేయించారు. అతుకు శుభ్రంగా ఉందని కాగితం వచ్చింది. 'చూశావా విఠల్, నీదంతా చాదస్తం' అన్నారు. ట్యాంకు వెళ్ళిపోయింది. వారం తర్వాత కొన్నవాళ్ళు తమ యార్డులో మళ్ళీ పరీక్ష చేస్తే, అతుకు పొడవునా వెంట్రుకవాసి పగుళ్ళు. మనుషులెవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. ట్యాంకు వెనక్కొచ్చింది. తప్పు ఎవరిదన్నారు? సెలవులో ఉన్నవాడిది. ఆగమన్నవాడిది. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, అలా కూడా పంచలేదు. పిడికిళ్ళన్నీ తెచ్చి ఒక్కడి నెత్తిన పోశారు.

విచారణలో విఠల్ ఒక్క మాట చెప్పాడు, బోర్డు మీద అలా రాసి ఉందని. వెళ్ళి చూశారు. బోర్డు మీద కాగితం లేదు. 'అబద్ధాలు కూడా ఆడుతున్నాడు' అని ఫైల్లో ఇంకో వాక్యం చేర్చారు.

ఆ కాగితం ఏమైంది?

ఇదిగో. నా జేబులో ఉంది. ఆ ఒకాయన నేనే. రాసిందీ నేనే, విచారణకు ముందురోజు పొద్దున్నే పిన్నులు పీకి సంచీలో పెట్టుకున్నదీ నేనే. నాకు అప్పటికి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఇందాకటినుంచి ఫణికిరణ్ గారి మీద నోరు పారేసుకున్నాను, మీరు నవ్వారు. ఆయన తెలియక ఎర్ర సిరాతో రాశాడు, తొందరపడి ట్యాంకు పంపాడు. నేను తెలిసి దొంగతనం చేశాను. ఈ హాలులో నీచుడు ఎవరన్న పోటీ పెడితే ఆయనకు రెండో స్థానమే.

విఠల్‌కు తెలుసా? తెలుసు. ఆ అక్షరాలు ఆయనకు తెలియనివి కావు. విచారణ అయిన రోజు బస్సు స్టాపులో నా పక్కన నిలబడ్డాడు. నన్ను తిట్టలేదు. 'జోగారావు గారూ, తెలుగు మస్తు రాసిన్రు. గని ఓవెన్‌కు తెలుగు రాదు గద' అన్నాడు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆరేళ్ళు అశోక్‌నగర్ సందులో ఒకే బండి దగ్గర టీ తాగాం. రోజూ ఇవాళ చెబుదాం అనుకునేవాణ్ణి. రోజూ టీ చల్లారేది. ఆ సందులోని పోటీ పరీక్షల పుస్తకాల కొట్ల మధ్య కూర్చుని ఆయన నా మనవరాలి చదువు గురించి అడిగేవాడు. నేను జవాబు చెప్పేవాణ్ణి. సిగ్గులేని మనిషికి ఆకలి కూడా బాగానే వేస్తుంది, రెండు సమోసాలు తినేవాణ్ణి.

ఎనభై మిల్లీమీటర్ల ఇనుమును అతికినవాడు చివరికి రాంనగర్‌లో గేట్లు, బాల్కనీ గ్రిల్స్ అతికాడు. మీలో కొందరి ఇళ్ళకు ఆయన చేసినవే ఉన్నాయి. వెల్డర్ తన అతుకు పక్కన తన నంబరు ముద్ర కొడతాడు. ఇది నా పని, నాది పూచీ అని దాని అర్థం. విఠల్ ముద్ర పదిహేడు. మీ గ్రిల్స్ మీద వెతకకండి, దొరకదు. ఒకసారి నేను అడిగాను, కొత్త ముద్ర చేయించుకోవచ్చు కదా అని. 'నాదే నాకియ్యాలె సార్' అన్నాడు. ఆ ముద్ర హిమాయత్‌నగర్ ఆఫీసు బీరువాలో, కింది అరలో ఉంది. ఎక్కడుందో నాకు తెలుసు, జాబితా రాసింది కూడా నేనే.

అమ్మా మాధురీ, ఇలా రా. ఇది మీ నాన్న చూపించలేకపోయిన కాగితం. దీని వెనక జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. ఈసారి డిగ్రీలు, గంటలు, తేదీలు అన్నీ పెట్టాను. వాక్యం నడక చెడితే చెడనీ. సులోచన గారూ, నన్ను క్షమించమని అడగను. ఆ అర్హత నాకు లేదు. మీ ఆస్పత్రి మంచం దగ్గర ఆయన కూర్చున్న వారాన్ని నిర్లక్ష్యం అని రాస్తుంటే, పక్క గదిలో ఆ రాతను టైపు చేయించినవాణ్ణి నేను.

ఫణికిరణ్ గారూ, కూర్చోండి. మీ కారు ఎక్కడికీ పోదు. రేపు పొద్దున పది గంటలకు మాధురి మీ ఆఫీసుకు వస్తుంది, పక్కన నేనుంటాను. ఆ ఫైల్లోంచి ఆ మాట కొట్టివెయ్యాలి. పదిహేడో నంబరు ముద్ర ఆమె చేతిలో పెట్టాలి. మీ ఎర్ర పెన్ను ఇంకా ఉంటే దానితోనే కొట్టివెయ్యండి, దానికొక మంచి పనైనా దక్కుతుంది.

ఇప్పుడు మనం మౌనం పాటించాలి. ఈ విద్యలో నాకున్న అనుభవం ఈ హాలులో ఎవరికీ లేదు. ఆరేళ్ళు పాటించాను. దాన్ని గౌరవం అనుకోకండి. విఠల్ కూడా ఆరేళ్ళు నా పేరు ఎవరికీ చెప్పలేదు. ఆయన మౌనం నన్ను కాపాడింది, నా మౌనం ఆయన్ని ముంచింది. మీరు రెండు నిమిషాలు నిలబడితే చాలు. ఆ తర్వాత, ఆ రోజు షాపులో వేపాకు చూసి కూడా నోరు మూసుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒక్కొక్కరే ఈ మైకు దగ్గరికి రండి. నేనిక్కడే పక్కన నిలబడి ఉంటాను.

విఠల్ కోసం, అందరూ లేచి నిలబడండి. ఫణికిరణ్ గారూ, మీరు కూడా.