మూడో సీటు ప్రయాణికురాలు

డబ్బు కట్టినవాళ్ళను రాకెట్టులో అంతరిక్షానికి తిప్పి తెచ్చే కంపెనీ మేనేజరు, లైసెన్సు ఆఫీసులో అధికారి ముందు ఫైలు పెట్టి నిలబడ్డాడు.

“రాకెట్టు ముక్కలు ఊళ్ళ మీద పడవు కదా?”

“పడవు సార్. పడితే సముద్రంలోనే. లెక్కలన్నీ అందులో ఉన్నాయి.”

“లోపల కూర్చున్నవాళ్ళ సంగతి?”

“అది మీరు చూడక్కర్లేదని చట్టమే చెబుతోంది కదా సార్. ప్రాణం పోయినా మాదే పూచీ అని ఎక్కే ఆరుగురూ సంతకాలు పెట్టేశారు.”

“అయితే నాకేం నొప్పి? ఆ ముద్ర ఇలా అందించు.”

“తమ దయ సార్. అన్నట్టు, మూడో సీటు మీ అత్తగారిది.”

“ఎవరి అత్తగారిది?”

“మీ అత్తగారిదే సార్. పర్మిషన్ ఇచ్చేది మా అల్లుడేనని మా కంపెనీలో అందరికీ చెప్పుకుని మురిసిపోయారు.”

“ముద్ర అక్కడ పెట్టు. ఆ సీటు బెల్టులు ఎవరు పరీక్షించారు?”

“నేనే లాగి చూశాను సార్. గట్టిగానే ఉన్నాయి.”

“నువ్వు లాగి చూస్తే సరిపోతుందా?”

“ప్రయాణికుల భద్రత మీ పరిధిలోకి రాదు కదా సార్!”

“కింద ఉన్నవాళ్ళ భద్రత వస్తుందిగా? ఆవిడకేమన్నా అయితే, కావాలనే సంతకం పెట్టి పంపావంటూ మా ఆవిడ నన్ను బతకనివ్వదు. నేను ఉండేది కిందే.”

“పోయిన నెల ఫైలు తెరవకుండానే ముద్ర వేశారు. అప్పుడూ ఆరుగురు ఎక్కారు కదా సార్?”

“వాళ్ళలో నాకు పిల్లనిచ్చినవాళ్ళెవరూ లేరయ్యా. వెళ్ళి బెల్టుల కాగితాలు పట్టుకురా.”