టచప్ లేని మొహం

కాదన్నయ్యా, బంగళా అమ్ముకోవచ్చుగా అంటారేంటి జనం? ఏ బంగళా? సీరియల్లో మావగారి వేషంలో మీరు రోజూ దిగే మెట్లున్నాయే, ఆ బంగళా అట. ఆరు మెట్లెక్కితే ప్లైవుడ్ గోడ. ఆ గోడ అమ్మితే మీ గొంతు ఆపరేషన్‌కి దూదైనా వస్తుందా?

అలా చూడకండి. అవును, మీ దగ్గర దాచాం. ఫోను పాడైందని వదిన చెప్పింది అబద్ధం. మనసు కష్టపెట్టొద్దని డాక్టరుగారు అన్నారు. ఇందాక నర్సమ్మే నోరు జారింది కదా, "మావగారిదంతా నాటకం అంటున్నారట" అని. ఇక దాచి ఏం లాభం? వదిన కింద బిల్లుల కౌంటర్ దగ్గరుంది. వచ్చేలోపు నేనే చెప్పేస్తాను.

చెయ్యి కదపకండి, సూది ఊడుతుంది. మెడకి ఆ గొట్టం ఉండగా మాట రాదు, తెలుసుగా. ఏంటి, అద్దమా? తరవాత ఇస్తా. ముందు వినండి.

మీ వైద్యానికి సాయం చెయ్యమని వదిన ఈ మంచం మీద మీ ఫోటోతో నెట్‌లో పెట్టింది కదా. రెండు రోజులు బాగానే వచ్చింది. "మా అమ్మ మీ సీరియల్ చూస్తే గాని ముద్ద ముట్టదు" అని రాసి మరీ పంపారు. మూడోరోజు ఎవడో మీ ఫోటో కింద రాశాడు, "ఈయనకి జబ్బేంటి, పెళ్ళికొడుకులా ఉంటేనూ" అని. ఇంకేముంది, ఒక గొర్రె దూకితే మందంతా దూకినట్టు. బుగ్గలు చూడండని ఒకడు. కొత్త సీరియల్‌కి ప్రచారమని ఇంకొకావిడ. ఇచ్చినవాళ్ళే వెనక్కి ఇమ్మంటున్నారు.

సగం దగ్గర ఆగిపోయింది అన్నయ్యా. సోమవారంలోపు మిగతాది కట్టకపోతే మీ ఆపరేషన్ తేదీ వేరేవాళ్ళకి వెళ్ళిపోతుందట.

ఆ ఫోటో తీసింది వదినే. కానీ... చెప్తున్నా, ఆగండి. తీసేముందు ఆవిడ మొహం కడుక్కోడానికి వెళ్ళింది. మీరు నిద్రలో ఉన్నారు. నేను నా పెట్టె తెరిచాను.

ఏం చెయ్యను? ఇరవై రెండేళ్ళుగా మీ మేకప్ మనిషిని. కెమెరా వస్తోందంటే నా చెయ్యి దానంతటదే పఫ్ మీదకి పోతుంది. కళ్ళకింద నలుపు కప్పాను. బుగ్గలకి కాస్త రంగు. పెదాలు పగిలి ఉంటే కొంచెం మెరుపు. గొట్టం బాగాలేదని దుప్పటి గడ్డం దాకా లాగాను. వదిన వచ్చి చూసి, నిద్రపట్టాక ఆయనకి కాస్త కళ వచ్చింది కదూ అని మురిసిపోయింది, పిచ్చిది. ఆ కళ నా పెట్టెలోదని చెప్పలేదు. పైగా ఒకడుగు వెనక్కేసి చూసుకుని, బాగా కుదిరిందనుకున్నాను.

జనం మాటలకి ఆవిడ ఏడుస్తుంటే, వాళ్ళని అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

నిన్న పొద్దున ఇంకో పని చేశాను. దీనికి మీరు క్షమించరు. మొదటిరోజు మేకప్ గదిలో ఏమన్నారు? "చెల్లీ, టచప్ లేకుండా నా మొహం మా ఆవిడ ఒక్కతే చూడాలి" అన్నారు. సరేనన్నాను. నిన్న నర్సమ్మ మీ మొహం తుడిచి వెళ్ళాక, దుప్పటి కిందికి జరిపి, గొట్టం కనబడేలా, ఉన్నదున్నట్టు నేనే ఫోటో తీశాను. వదినకి జరిగిందంతా చెప్పి చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఇదీ నెట్‌లో పెడదాం అంది. తిట్టుంటే బావుండేది.

పెట్టాం. ఏమొచ్చిందో తెలుసా? "ఈసారి మేకప్ అదిరింది. గొట్టం అచ్చం నిజందానిలాగే ఉంది. ఎవరండీ చేసింది?" అట.

ఇన్నేళ్ళలో నా పనిని జనం మెచ్చుకోవడం అదే మొదలు. అందులో నా చెయ్యే లేదు.

ఇక ఇవాళ సాయంత్రం వీడియో తీస్తాం. డాక్టరుగారు మీ పక్కన నిలబడి చెప్తారట, అప్పుడైనా నమ్ముతారేమోనని ఆశ. పెట్టె మాత్రం ముట్టుకోకు అంది వదిన. ముట్టుకోనన్నాను.

సరే, ఇదిగో అద్దం. చూసుకోండి.

...ఏంటి? పెట్టె వైపు చూపిస్తారేంటి? టచప్పా? ఇంతసేపూ నేను చెప్పింది విన్నారా అన్నయ్యా? మళ్ళీ పెళ్ళికొడుకంటారు. సోమవారం ఎంతో దూరం లేదు.

తెలిసే అడుగుతున్నారా? అవునైతే ఒకసారి రెప్ప వెయ్యండి.

...వేశారు.

ఏం మనుషులమో మనం. రంగు వేస్తే నాటకం, వెయ్యకపోతే ఇంకా మంచి నాటకం. వదిన నన్ను ఈ గదిలోకి మళ్ళీ రానివ్వదు, చూస్తూ ఉండండి.

గడ్డం కొంచెం ఎత్తండి. కళ్ళు మూసుకోండి. ఆగండి, ముందు ఆ తడి ఆరనివ్వండి. తడి మీద పౌడర్ నిలవదు.