నాలుగు వేళ్ల ఎత్తు

దాలమ్మ మొగుడు సముద్రం మీద చేపల ఏటకెళ్లి తిరిగి రాలేదంట. పడవొక్కటే వచ్చింది, ఎవరో తోలుకొచ్చినట్టు తిన్నగా ఒడ్డుకి. మూడేళ్లు దాన్ని ఇసకలో బోర్లేసి ఉంచింది, అమ్మదు, ఒకర్ని ఎక్కనివ్వదు. ఆఖరికి తమ్ముడు ఎర్రయ్య "అప్పా, తెడ్లేసి తెడ్లేసి నా రెక్కలు పోయాయి, బావ పడవకి ఇంజను బిగించుకుంటాను" అంటే కాదనలేకపోయింది అనుకో. ఇంజను బిగించడమంటే మాటలా? పడవ వెనక చెక్కకి తగిలించాలి. చెక్క ఎత్తైతే కింద తిరిగే ఫ్యానుకి నీళ్లందవు, పల్లమైతే ఇంజను నెత్తి మునుగుతాది. వడ్రంగి బంగారయ్య ఒడ్డు మీదే కొలిచి చెక్క కోశాడు. తీరా నీళ్లలో దించితే ఏమైందంటే, పడవ వెనకేపు నాలుగు వేళ్ల లోతు దిగిపోయింది. "ఒరే ఎర్రయ్యా, వెనక కూకున్నావేటి, దిగు" అన్నాడంట బంగారయ్య, తలెత్తకుండా. ఎర్రయ్యేమో ఆయన పక్కనే నడుం లోతు నీళ్లలో తాడు పట్టుకునున్నాడు. పడవలో పిట్ట కూడా లేదు. ఒడ్డుకి లాగి, అడుగు తుడిచి, మళ్లీ దించారు. మళ్లీ నాలుగు వేళ్లే. అదీ ఎడమేపుకి ఒరిగి. నీకు చెప్పలేదు కదూ, దాలమ్మ మొగుడికి కుడి కాలు వంగదు, ఎప్పుడూ ఎడమేపుకే ఒరిగి కూకునేవాడు.

దాలమ్మ ఒడ్డు మీంచి కదల్లేదంట. "బంగారన్నా, పైన ఇంకో నాలుగు వేళ్ల చెక్క కొట్టు. ఆయన ఉన్నట్టే కొలువు" అంది. "ఆయన దిగిపోతేనో? ఫ్యాను గాల్లోకి లేచిపోతాది, నీ తమ్ముడు నడి సముద్రంలో ఉండిపోతాడు" అన్నాడాయన. "ఒకసారి దిగాడు కదా, మళ్లీ ఎందుకు దిగుతాడు, నేను పంపితే గదా!" అంది. కొట్టించింది.

ఆ ఇంజనుతో తొలిసారి ఏటకెళ్లి పొద్దు వాలేసరికి రావాల్సిన ఎర్రయ్య మర్నాడు మజ్జానానికి వచ్చాడంట, అరిచేతులు పగిలిపోయి, తెడ్డేసుకుంటా. "అప్పా, బావ పోయిన నాడు ఆయన వల చిక్కుకున్న రాళ్ల కాడికి ఎల్లానో లేదో, పడవ వెనక పైకి లేచింది, ఎవరో దిగినట్టు. ఫ్యాను గాల్లో కేకలెట్టింది. నీళ్లు మాత్రం చెదరలేదు." దాలమ్మ ఒకటే అడిగింది: "ఎటేపు దిగాడు?" "ఎడమేపు" అన్నాడు. దాలమ్మ బంగారయ్య కాడ ఉలి తెచ్చి తనే ఆ నాలుగు వేళ్ల చెక్క ఊడగొట్టేసింది.

ఇప్పుడు ఇంజను బాగానే పరిగెడతాది. చెక్క మాత్రం దాలమ్మ పొయ్యి కాడ పీటలాగ వేసుంది, ఎవర్నీ కూకోనివ్వదు. మొన్న నేనెల్తే "కూకో వదినా" అని చాపేసింది గానీ పీట జరపలేదు. ఎండలు మండిపోతన్నాయా, ఆ చెక్క చుట్టూ నేల మాత్రం తడిగా ఉంది. నాకైతే చాపే బాగుందమ్మా.