కుందేలుగుట్టను జరిపిన మొగులయ్య

శాలిబండల చాయ్ హోటల్ బల్ల మీద మొగులయ్య కూసున్నడంటే, ఇనేటోళ్ల చాయ్ చల్లారాల్సిందే. బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇయ్యాల ఎదురుంగ డానియేలు, కిరాణం పురుషోత్తం సేటు దొరికిన్రు.

"కుందేలుగుట్ట ఎరుకేనా భాయ్? చిన్నగుట్టే, కుందేలు పండుకున్నట్టుంటది. ఇటు ఊరు, అటు తండా, చుట్టు మూడు వాగులు. మా దోస్తు వైకుంఠం పెండ్లి ఆడనే. పెండ్లిపిలగాన్ని తీస్కపోతుంటే వాన దంచింది, వాగు పొంగింది. పిల్ల అవుతల, మేము ఇవుతల, ముహూర్తమేమో దాటిపోతున్నది. ఇంక రాకుంటే పెండ్లే లేదని పిల్ల మేనమామ అవుతలి గట్టుకెల్లి మొత్తుకుంటున్నడు. అందరు నా మొహమే చూసిన్రు. ఏం చేస్త? ప్యాంటు మడిచి వాగుల దిగిన."

"ఈతొస్తదా అన్నా?" అన్నడు డానియేలు.

"ఈతెందుకు, నన్ను చూసి నీళ్లే పక్కకు జరిగినయ్! ఒక్కొక్కల్ని భుజానేసుకొని దాటిచ్చిన. బ్యాండోళ్లనైతే వాయించుడు ఆపొద్దని డోళ్లతోనే ఎత్తిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో వాగు ఉరికొచ్చింది, దానెనుక మూడోది. ఇగ గిట్ల కాదని గుట్టకు వీపు ఆనిచ్చిన..."

"గుట్టకా?"

"గుట్టకే! ఆగిపోయిన బస్సును నూకలేదా ఏంది, గట్లనే నూకిన. కదిలింది భాయ్! పైన మేస్తున్న మేకలు గడ్డి ఇడువలే, గంత నిమ్మళంగ జరిపిన. పోయి నీళ్లకు అడ్డం కూసున్నది. ఊరోళ్లు, తండోళ్లు గుట్ట మీదికెల్లే నడిసి పెండ్లికొచ్చిన్రు. దారి మూసుకపోయిన వాగులు, అన్నా మేమెటు పోవాలె అని నన్నే అడిగినయ్. మూసీ దిక్కు చెయ్యి చూపిచ్చిన. ఇప్పటికి గట్లనే పోతున్నయ్!"

సేటుకు చాయ్ గొంతుల అడ్డం పడ్డది.

"ఏ వాగు అన్నా?" అని ఎనుకకెల్లి ఆడగొంతు. పక్క పూలకొట్టు ఆండాలు, వైకుంఠం పెండ్లాం. చాయ్‌కొచ్చి ఎప్పటిసంది నిలవడ్డదో!

"గా పెండ్లిపిల్లను నేనే గదా," అన్నది ఆండాలు, అందరి దిక్కు తిరిగి. "వాగుల నీళ్లు మోకాళ్ల దాకనే. ఎండ్రికాయలు కరుస్తయని ఈయన దిగనే దిగకపాయె. మా ఆయన పెండ్లిబట్టలతోనే ఈయనను వీపునేసుకొని తెచ్చిండు. ఈయనేమో కండ్లు గట్టిగ మూసుకొని, దించకు దించకు అని ఒకటే లొల్లి. పందిట్లకెల్లి చూసిన నేను. అప్పటిదాంక ఈ పిలగాడు ఎసొంటోడో అని ఒకటే భయముండె. దోస్తును గింత భద్రంగ మోసేటోడు నన్నేం కింద పడేస్తడని, ఆ భయం ఆడనే పాయె."

హోటలంత ఒకటే నవ్వు. మొగులయ్య గొంతు సవరించుకున్నడు.

"మోసింది వాడే చెల్లె, కాదంటలేను. మరి మీదకెల్లి దారి చూపెట్టింది ఎవరు?"