తెరుచుకోని నాటకం

భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని అత్తగారు తల పట్టుకు కూర్చున్నారు. పనికి బయలుదేరిన కోడలు అది చూసి, చెప్పులు విప్పి వెనక్కి వచ్చింది.

"ఏమైంది అత్తయ్యా?"

"నేను రాస్తున్న నాటకం పోయిందమ్మా! సాయంత్రమే రిహార్సల్. నిన్న టైపు చేసుకునే ఆ పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది వేశానా, ఇప్పుడు ఏ ఫైల్ నొక్కినా దేంతో తెరవాలని నన్నే అడుగుతోంది."

"ఎక్కడికీ పోలేదు. కంప్యూటర్ ఇంకా పాతదాన్నే వెతుకుతోంది, అదేమో లేదు. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, 'ఓపెన్ విత్'లో కొత్తదాన్ని చూపించండి. ఎప్పుడూ దీంతోనే తెరవమని కింద టిక్ పెట్టండి."

"పెట్టా... అమ్మయ్య, వచ్చేసింది! నువ్వు చల్లగా ఉండాలి. ఇక వెళ్ళు, ఆలస్యమవుతుంది."

"ఉండండి, ఒక్క పేజీ చదవనివ్వండి. ఇదేంటి, ఈ కోడలు అన్నిటికీ 'అలాగే అత్తయ్యా' అంటుంది?"

"మంచి పిల్ల కదా మరి."

"ఇంత మంచి పిల్లని నేనెక్కడా చూళ్ళేదు. జనం కూర్చున్నచోటే నిద్రపోతారు."

"నా బాధా అదే! మూడో రంగంలో అత్తాకోడళ్ళిద్దరూ గొడవ పడాలి. ఈ కోడలి నోట మాటే రావట్లేదు."

"కాస్త జరగండి. ఆలస్యంగా వస్తానని ఫోన్ చేస్తా. అత్త మాటలు మీరు చెప్పండి, కోడలి మాటలు నేను చెప్తా."

"నిజంగానే అనేస్తావా?"

"పెళ్ళైనప్పట్నుంచీ దాచుకున్నవి చాలా ఉన్నాయి అత్తయ్యా."

"అయితే ఆగు, ముందు ఆ కిటికీ వేసొస్తా. పక్కింటివాళ్ళు విడదీయడానికి పరిగెత్తుకొస్తారు!"