దిబ్బలమొగ పేజీ తీసేసింది నేనే

నా పేరు దువ్వారపు పద్మకుమారి. భర్త పేరు ధర్మేంద్ర. వయస్సు ఇరవై తొమ్మిది. సొంతూరు కోటబొమ్మాళి, ప్రస్తుతం కాపురం శ్రీకాకుళంలో. తీరవాణి అనే ఫోను సేవల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను. 2019 జూలై 20, శనివారం ఉదయం మెరైన్ పోలీస్ స్టేషన్‌లో ఎస్‌ఐ గారు అడిగిన మీదట ఇది చెబుతున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ నేర్పి పంపలేదు.

మా కంపెనీకి వేటకు వెళ్లే వాళ్లు ఫోన్ చేస్తారు. గాలి ఎలా ఉంది, ఏ రేవులోకి దారి ఉంది, ఇంజను బాగుచేసే వాళ్లు ఎక్కడ దొరుకుతారు అని అడుగుతారు. ఫోన్ ఎత్తే వాళ్లు కంప్యూటర్‌లో వెతికి, అక్కడ రాసి ఉన్నది చదివి చెబుతారు. అలా రాసి పెట్టుకున్న పేజీలు మాకు చాలా ఉన్నాయి. అవి బయటి వాళ్లకు కనిపించవు. వాటిని చూసుకోవడం నా పని. పాతబడిన పేజీ ఏదో కనిపెట్టాలి, ఊళ్లకు ఫోన్ చేసి అడగాలి, మార్చాలి లేదా తీసేయాలి.

వాటిలో దిబ్బలమొగ పేజీ ఒకటి. దిబ్బలమొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ బోటు లోపలికి రావచ్చని, లోతు చాలినంత ఉందని ఆ పేజీలో ఉంది. అది కిందటేడు తిత్లీ తుపానుకు ముందు రాసింది. మొన్న ఫిబ్రవరిలో ఆ ఊరికి ఫోన్ చేశాను. జగ్గమ్మ అని చేపలమ్మే ఆవిడ మాట్లాడింది. "మొగేటమ్మా, మొగ లేదు. తుపానుకి ఇసక కొట్టుకొచ్చి మూసీసింది. మేం నడిసే అవతలికెల్తన్నాం" అంది.

ఆ పేజీ తీసేస్తానని మా మేనేజర్ నరసింగరావు గారిని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఒక్కరు చెప్పిన మాట మీద తీసేయడం సరికాదన్నారు. ఏమీ లేకపోవడం కంటే పాతదైనా ఉండడం నయమన్నారు. పైన ఎర్ర అక్షరాలతో "సరిచూడాలి" అని రాయమన్నారు. అలాగే రాశాను. ఆయన చెడ్డవాడని నేను అనడం లేదు. మనిషి వెళ్లి చూసి వస్తే బాగుంటుందని ఆయనే అన్నారు. నేనూ అవునన్నాను. ఎవరమూ వెళ్లలేదు.

ఫోన్లు ఎత్తే వాళ్లలో బాబీ అని ఒకతను ఉన్నాడు. ఆ ఎర్ర అక్షరాలు చూస్తున్నారా అని ఒకసారి అతన్ని అడిగాను. అవతల మనిషి గాలిలో అరుస్తుంటే పైన ఏముందో ఎవరు చూస్తారు మేడమ్, కింద లోతు ఎంతో చూసి చెప్పేస్తాం అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు. జూలై రెండో వారంలో మేనేజర్ గారు సెలవులో ఉండగా ఆ పేజీ వెతుకులాటలో కనపడకుండా చేశాను. ఆయనకు మెయిల్ పెట్టాను. ఆయన జవాబు కోసం ఆగలేదు. మొగ మూసుకుపోయిందని నేను విన్నాను. చూడలేదు.

జూలై 18, గురువారం ఉదయం పదకొండు దాటాక బాబీ సీట్లోంచి లేచి నన్ను పిలిచాడు. ఫోన్‌లో ఉన్నది మైలపల్లి గంగులు అని వేటకు వెళ్లిన మనిషి. ఫైబర్ బోటులో నలుగురున్నారు. గాలి ఎక్కువైంది, ఇంజను ఆగుతూ ఆగుతూ నడుస్తోంది. వాళ్లది దక్షిణాన దూరపు ఊరు, ఈ వైపు తీరం వాళ్లకు అలవాటు లేదు. దగ్గరలో దిబ్బలమొగ ఉంది, లోపలికి రావచ్చా అని అడుగుతున్నాడు. బాబీ తన గొంతు అవతలికి వినపడకుండా మీట నొక్కి, పేజీ ఎక్కడ మేడమ్ అన్నాడు. నేను తీసేశాను, మొగ మూసుకుపోయిందట అన్నాను.

"విన్నారా, చూశారా?" అన్నాడు బాబీ.

జగ్గమ్మకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. బాబీ టేబుల్ మీద టీ ఉంది, దాని మీద మీగడ కట్టింది. అదే చూస్తూ రెండోసారి చేశాను. ఎత్తలేదు. అప్పుడు బాబీ చేత ఇలా చెప్పించాను. దిబ్బలమొగ సంగతి మాకు తెలియదు, తెలియని మొగలోకి రావద్దు, గాలి ఎటూ ఉత్తరానికే తోస్తోంది కాబట్టి దాని వెంబడి భావనపాడు రేవు వైపు వెళ్లండి. గంగులు ఏదో అన్నాడు. సగం మాట వినపడింది, తర్వాత లైను పోయింది. బాబీ తిరిగి చాలాసార్లు చేశాడు. కలవలేదు.

సాయంత్రానికి బోటు ఎక్కడికీ రాలేదని తెలిసింది. గంగులు భార్య లక్ష్మణమ్మ మా ఆఫీసుకు ఫోన్ చేసి జరిగింది విన్నాక ఈ స్టేషన్‌కు వచ్చి ఫిర్యాదు కాగితం ఇచ్చింది. దగ్గరలో మొగ ఉండగా కంపెనీ వాళ్లు దూరం పంపేశారని అందులో రాయించింది. సెలవులో ఉన్న మేనేజర్ గారికి ఎస్‌ఐ గారు ఫోన్ చేశారు. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పారు, ఆ పేజీ పద్మకుమారి తీసేసిందని. రాత్రి ఎనిమిదింటికి ఎస్‌ఐ గారు నాకు ఫోన్ చేసి శనివారం రమ్మన్నారు.

ఆ రాత్రి గురించి చెప్పేదేమీ లేదు. వాన పడింది. ఉతికి ఆరిన బట్టలే మళ్లీ నానబెట్టాను. ఫిబ్రవరి నాటి మాట పట్టుకున్నాను కదా, ఇది జూలై. వానలకు ఏరు పొంగి ఇసక కోసేసి ఉండవచ్చు. మొగ తెరుచుకుని ఉండవచ్చు. అలాంటప్పుడు పాత పేజీయే నిజం, నా మాటే పాతది. నలుగురు మనుషుల్ని తెరిచి ఉన్న గుమ్మం ముందు నుంచి వెళ్లగొట్టానేమో అనిపించింది. మా ఆయనతో అదే చెప్పాను. ఆయన "పొద్దున్నే ఎల్లి సూద్దాం. సూడకుండా ఎందుకేడుపు" అన్నాడు.

శుక్రవారం తెల్లవారగానే బండి మీద బయలుదేరాం. ఏడు గంటలకు దిబ్బలమొగ చేరాం. వాన వెలిసింది కానీ గాలి తగ్గలేదు. ఒడ్డున ఒకావిడ ఒక్కర్తీ నిలబడి ఉంది. చీర కొంగు బిగించి నడుముకు చుట్టుకుంది, చెప్పులు చేతిలో పట్టుకుంది. ఎవరమ్మా అని అడిగితే లక్ష్మణమ్మ అని చెప్పింది. మొదటి ఆటో పట్టుకుని వచ్చిందట. ఆమె కూడా మొగ చూడడానికే వచ్చింది.

మా ఆయన నా వైపు చూశాడు. పేజీ తీసేసింది నేనేనని ఆమెకు చెప్పాను. కంపెనీ అనలేదు, మేము అనలేదు. నేనే అన్నాను. ఆమె చెప్పులు ఇసక మీద పెట్టి నీళ్లలోకి దిగింది.

ఏరు సముద్రాన్ని కలిసే చోట అడ్డంగా ఇసక మేట ఉంది. లక్ష్మణమ్మ ఆ మేట మీద నడుచుకుంటూ మధ్యకు వెళ్లింది. నీళ్లు ఆమె చీలమండ దాటలేదు. అవతలి గట్టు నుంచి ఇద్దరు ఆడవాళ్లు నెత్తిన బుట్టలతో ఆమెకు ఎదురు వచ్చారు. ముగ్గురూ మొగ మధ్యలో నిలబడి మాట్లాడుకున్నారు. వాళ్ల వెనక, మేటకు బయట, కెరటాలు ఒకదాని మీద ఒకటి లేచి విరుగుతున్నాయి. వాటిలో బోటు మేట మీదికి వస్తే అడుగు తగిలి బోర్లా పడుతుందని నాకు కూడా తెలిసింది. నేను చూశాను. అప్పుడు చూశాను.

లక్ష్మణమ్మ తిరిగి వచ్చింది. "ఇందల్లోకి వస్తే నలుగురూ ఇక్కడే పోదురు" అంది. ఆ తర్వాత, మరిప్పుడు ఎక్కడున్నట్టు అంటూ ఇసక మీద కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను. మొగ మూసి ఉందని తెలిసి నాకు ఊపిరి వచ్చింది. ఆమెకు రాలేదు. అందుకని నేను గట్టిగా గాలి పీల్చుకోవడానికి కూడా సిగ్గుపడ్డాను.

ఎనిమిది కాకముందే ఆమె ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయింది. మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఫోన్ నా ఒళ్లో పెట్టి, "నువ్వెత్తమ్మా. నా వొల్ల కాదు" అని అటు తిరిగింది.

ఎత్తాను.

"లచ్చనమ్మా?" అంది మగ గొంతు.

ఆమె పక్కనే ఉందని చెప్పి, ఎవరు మాట్లాడుతున్నారని అడిగాను. "నేను గంగుల్ని. నలుగురం ఉన్నాం. నలుగురం ఉన్నామని సెప్పు" అన్నాడు.

నలుగురూ ఉన్నారని ఆమెకు చెప్పాను. వినపడలేదేమో అని మళ్లీ చెప్పాను. మా ఆయన కూడా చెప్పాడు, నలుగురూ ఉన్నారమ్మా అని. లక్ష్మణమ్మ ఫోన్ తీసుకుని చెవిన పెట్టుకుంది. "తిన్నావేటి?" అని అడిగింది. అవతల ఏం చెప్పాడో తెలియదు. అప్పుడు తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చింది. నేను కొంచెం దూరం వెళ్లి, గాలి వైపు మొహం పెట్టి నిలబడ్డాను. గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

జరిగింది ఇది. ఇంజను పూర్తిగా ఆగిపోయి గాలికి కొట్టుకుపోయారు. ఫోన్ తడిసిపోయింది. రాత్రంతా తెడ్లతో బోటును కెరటానికి అడ్డం తిరగకుండా నిలబెట్టుకున్నారు. తెల్లవారుతుండగా భావనపాడు దాటాక ఖాళీ ఇసక ఒడ్డుకు చేరారు. అక్కడి నుంచి నడిచి నౌపడ ఉప్పుమడుల దగ్గరికి వచ్చారు. తాటాకులు కప్పిన ఉప్పు కుప్పల దగ్గర కాపలా మనిషి ఉంటే, అతను నీళ్లిచ్చి తన ఫోన్ ఇచ్చాడు. ఒకతనికి మోచెయ్యి బెణికింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ రోజు గంగులు, లక్ష్మణమ్మ స్టేషన్‌కు వచ్చారు. ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుంటామన్నారు. గంగులుకు క్షమాపణ చెప్పబోయాను. అతను ఆపేశాడు. "మొగ సంగతి తెలీదన్నారు కదమ్మా. తెలీదన్నారు కాబట్టి రాలేదు. లోతుందనుంటే వచ్చీసీవోణ్ణి" అన్నాడు. ఇంజను సంగతి మాట్లాడాడు, దాన్ని అమ్మేస్తానన్నాడు. అతనికి ఇంకేమీ అక్కర్లేనట్టుంది.

మేనేజర్ గారు నిన్న మధ్యాహ్నం సెలవు మధ్యలోనే ఆఫీసుకు వచ్చారు. నన్ను కోప్పడ్డారు, జవాబు కోసం ఆగనందుకు. కోప్పడ్డాక కుర్చీ వేయించి, దిబ్బలమొగ పేజీ కొత్తగా రాయమన్నారు. మొగ మూసి ఉంది, 2019 జూలై 19న మనిషి వెళ్లి చూసింది, అని రాశాను. ఎవరు చూశారో పేరు కూడా పెట్టమన్నారు. నా పేరు పెట్టాను. మిగతా మొగలన్నీ ఎవరో ఒకరు వెళ్లి చూసి వచ్చే దాకా ఆ పేజీలేవీ ఫోన్ ఎత్తే వాళ్లకు కనపడవు. వాటి గురించి ఎవరైనా అడిగితే బాబీ వాళ్లు తెలియదనే చెబుతారు.

నా మీద కేసు లేదని ఎస్‌ఐ గారు చెప్పారు. అయినా వాంగ్మూలం ఇస్తానని నేనే అన్నాను.

నేను చెబుతుండగా లక్ష్మణమ్మ గోడవారగా బల్ల మీద కూర్చుని భర్త భుజం మీద నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. గురువారం నుంచి ఆమెకు కునుకు లేదు. గంగులు కదలకుండా కూర్చున్నాడు. చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుంది, అయినా కదల్లేదు. రాసినది చదివి వినిపించవలసి వచ్చినప్పుడు, ఆమె లేవకుండా ఎస్‌ఐ గారు గొంతు బాగా తగ్గించి చదివారు. దగ్గరికి జరిగి ప్రతి మాటా విన్నాను. ఇదంతా నేను చెప్పినదే, నిజమే. చప్పుడు కాకుండా సంతకం పెడుతున్నాను.

(సంతకం)
డి. పద్మకుమారి