రెమీ పిడికిట్లో నీలం

యుద్ధంలో పగిలిన కెథీడ్రల్ రంగుగాజు కిటికీలను బాగుచేస్తున్న ముసలి పనివాడి బల్ల మీద, ఒక నడివయసు స్త్రీ చేతిరుమాలు విప్పి నీలి గాజుముక్క పెట్టింది.

"నలభయ్యేళ్ళుగా మా ఇంట్లోనే ఉందయ్యా ఇది."

"ఇలాంటి నీలం కోసం నేను ఎన్ని ఊళ్ళు తిరిగానో తెలుసా అమ్మా? మీకెలా వచ్చింది?"

"బాంబులు పడ్డప్పుడు మా తమ్ముడు రెమీ ఆ చర్చిలోనే ఉన్నాడు. బయటికి తీసేసరికి ఇది వాడి పిడికిట్లో ఉంది."

"అయ్యో. ఎన్నేళ్ళవాడమ్మా?"

"ఆరేళ్ళు. ముక్కలు దొరికినవాళ్ళు తెచ్చివ్వమని ఫాదరుగారు అప్పట్లో అందరినీ అడిగారు. మా అమ్మ మాత్రం ఇవ్వలేదు. దీన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది. పోయిన నెల అమ్మ కూడా పోయింది."

"ఈ అంచు అరిగిందేం?"

"అమ్మ చెయ్యి కోసుకుంటుందని నేనే రాతి మీద అరగదీశాను. పాడుచేశానా?"

"ఏం కాదు. ఆ పక్కన ముక్కల్ని కలిపే సీసం పట్టీ కాస్త వెడల్పుగా వేస్తాను, అరిగినచోటు కప్పేస్తుంది. ఇదిగో, దీని చోటు ఇది. మీరే పెట్టండి."

"ఇంకాసేపు చేతిలో ఉంచుకోనా అయ్యా?"

"ఉంచుకోండమ్మా. ఇన్నేళ్ళు ఆగిన కిటికీ, ఇంకో గంట ఆగలేదా?"